నొప్పి తెలియని నరకం

లిఫ్టు నడిపేవాడు ఒకడుంటాడు. నవలలో వాడికి పేరు కూడా లేదు. నల్ల చొక్కా, పొట్టి ఒళ్లు. పెద్ద కులాల ఉద్యోగులు పని ముగించుకుని లిఫ్టు నిండా ఎక్కి, సాయంత్రం ఎవరు ఎవరితో ఎక్కడికి వెళ్లాలో మాట్లాడుకుంటుంటారు. లిఫ్టు మేడ మీదికి చేరుతుంది, వాడు తలుపు తీస్తాడు. ఎండ ఒక్కసారిగా ముఖాన పడుతుంది. వాడు ఉలిక్కిపడి, కళ్లు చికిలించి, మేడ మీదికొచ్చామని పట్టలేని సంతోషంతో అంటాడు. చిమ్మచీకటి మత్తులోంచి అప్పుడే లేచినట్టు ఎక్కినవాళ్ల ముఖాల్లోకి ఆశగా, ఆరాధనగా చూస్తాడు. వాళ్లు దిగి వెళ్లిపోతారు. గంట మోగుతుంది. పైనున్న లౌడ్‌స్పీకరు చాలా మెల్లగా, ఎదురు చెప్పడానికి వీల్లేని గొంతుతో, ఫలానా అంతస్తుకు దిగమంటుంది. తలుపు మూసుకుని వాడు మళ్లీ ఆ గోతిలోకి జారిపోతాడు.

అంతే, అర పేజీ. వాణ్ణి ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. రచయిత జాలిపడలేదు, మనల్ని జాలిపడమని అడగలేదు. ఆ దృశ్యంలో ఎండను చూసి సంబరపడ్డ ప్రాణి వాడొక్కడే. ఆల్డస్ హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' మొత్తం పనితనం ఈ అర పేజీలో ఉందని నాకనిపిస్తుంది. నరకాన్ని రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. అందులో ఉన్నవాళ్లకు నొప్పే తెలియకుండా, చదివేవాడికి మాత్రం తెలిసేలా రాయడం అరుదైన విద్య.

ఆ విద్యను దగ్గరగా చూడడానికే ఈ వ్యాసం. మదనపల్లె దారిలో చూడడానికి ఒక కారణం ఉంది. అది కాస్త ఆగి చెబుతాను.

హక్స్‌లీ ఈ నవలను 1931లో, ఫ్రాన్సు దక్షిణ తీరంలోని సనారీ అనే ఊళ్లో, నాలుగు నెలల్లో రాశాడు. 1932లో అచ్చయింది. కథ జరిగేది ఫోర్డు శకం 632లో. కారును భారీ ఎత్తున తయారుచేసిన హెన్రీ ఫోర్డే ఆ లోకానికి దేవుడు. ఆయన 'మోడల్ టి' బయటికొచ్చిన 1908తో శకం మొదలు. శిలువల తలలు కోసేసి వాటిని 'టి' అక్షరాలు చేశారు. తల్లీ తండ్రీ లేరు, ఆ మాటలు పలకడమే బూతు. పిల్లలు సీసాల్లో పెరుగుతారు. ఒక్క అండాన్ని చీల్చి తొంభై ఆరు మంది కవలలదాకా తీస్తారు. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్ అని అయిదు కులాలు, కులానికో రంగు బట్ట. కింది కులాల సీసాల్లో ప్రాణవాయువు తగ్గించి, నెత్తురులో సారాయి కలిపి, మెదడు ఎదగకుండా చూస్తారు.

పుట్టుకతోనే పని నిర్ణయమైపోవడం మనకు ఊహాలోకపు సంగతి కాదు. హక్స్‌లీ 1925లో భారతదేశం వచ్చి ఊళ్లు తిరిగినవాడు, ఆ యాత్రను 1926లో 'జెస్టింగ్ పైలేట్' అనే పుస్తకంలో పెట్టినవాడు. లండను పాఠకుడు ఆ అయిదు కులాలను చదివి విచిత్రమనుకున్నాడేమో, మనవాడు అలా అనుకోడు. మన దగ్గర ధర్మం పేరుతో నడిచినదాన్ని హక్స్‌లీ కర్మాగారం పేరుతో నడిపాడు. ఆయన అదనంగా చేర్చిన భయంకరమైన సంగతి ఒకటే. ఆ లోకంలో కింది కులంవాడు తన కులాన్ని ఇష్టపడతాడు. నిద్రలో చెవిలో పోసిన మాటలవల్ల, తాను ఆల్ఫాగా పుట్టనందుకు సంతోషిస్తాడు.

మేలుజాతి పేరుతో ప్రాణిని మనకు కావలసిన కొలతకు తెచ్చుకోవడం మదనపల్లె సీమకు తెలియనిది కాదు. పుంగనూరు ఆవునే చూడండి. మనిషి నడుము ఎత్తు కూడా దాటని ఆ జాతిని ఇక్కడి రైతులు తరాల తరబడి ఎంచి, జతకట్టించి, నిలబెట్టుకున్నారు. సంకరజాతుల మోజులో అది అంతరించే స్థితికి వస్తే పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో కాపాడాల్సి వచ్చింది. ఇప్పుడు సంపన్నుల ఇళ్లలో ముద్దు కోసం పెంచుకుంటున్నారు. ఆవు విషయంలో మనకు ముచ్చటగా కనిపించే ఈ ఎంపికనే మనుషుల విషయంలో హక్స్‌లీ అదే ముచ్చటైన గొంతుతో చెబుతాడు. ఆ గొంతు మారకపోవడమే మనల్ని ఇబ్బంది పెడుతుంది.

ఇక పనితనం. నవల ఒక విహారంతో మొదలవుతుంది. సంతానోత్పత్తి కేంద్రం డైరెక్టరు కొత్త విద్యార్థులను వెంటబెట్టుకుని గది గదీ చూపిస్తుంటాడు. వాళ్లు నోటుపుస్తకాల్లో గబగబా రాసుకుంటుంటారు. లోకాన్ని పరిచయం చేయడానికి ఇంతకన్నా పాత ఉపాయం లేదు. కానీ ఇక్కడ ఆ ఉపాయమే ఉచ్చు. రెండు పేజీలు గడిచేసరికి మనమూ ఆ విద్యార్థుల్లో ఒకరమైపోతాం. లెక్కలు ఆసక్తిగా వింటాం. ఎంత శుభ్రంగా ఉంది, ఎంత పద్ధతిగా ఉంది అనుకుంటాం. తల కాస్త ఊపాక గానీ దేనికి ఊపామో తెలియదు.

వెలుతురుతో ఆయన చేసే పని చూడండి. మొదటి పేజీలో వెలుతురు గడ్డకట్టి, చచ్చి ఉంటుంది. పనివాళ్ల తొడుగులు శవం రంగులో ఉంటాయి. ఆ గదిలో వెలుతురుకు జీవం వచ్చేది ఒక్కచోటే: మైక్రోస్కోపుల గొట్టాల మీద. అక్కడ అది వెన్నలా పసుపుపచ్చగా మెరుస్తుంది. మనిషి మీద పడ్డ వెలుగు చచ్చింది, పనిముట్టు మీద పడ్డ వెలుగు బతికింది. రెండు వాక్యాల్లో లోకం మొత్తం చెప్పేశాడు, చెప్పినట్టు కనిపించకుండా.

గులాబీల గది ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఖాకీ గుడ్డల్లో ఎనిమిది నెలల డెల్టా పసివాళ్లను తెచ్చి నేలమీద దించుతారు. ఎదురుగా గులాబీల గిన్నెలు, రంగు బొమ్మలు కనబడేలా విప్పిన పుస్తకాలు. పిల్లలు కేరింతలు కొడుతూ పాకుతారు. సరిగ్గా అప్పుడే మబ్బు తొలగి సూర్యుడు వస్తాడు, గులాబీలు భగ్గున వెలుగుతాయి, పుస్తకాల బొమ్మలు కొత్త అర్థమేదో వచ్చినట్టు మెరుస్తాయి. చిన్న చేతులు చాచి, రేకులు తుంచి, కాగితాలు నలుపుతాయి. డైరెక్టరు చెయ్యెత్తుతాడు. పేలుడు, సైరను, గంటలు. తర్వాత నేలలోంచి కరెంటు. ఇలా రెండు వందల సార్లు చేస్తే ఆ పిల్లలు జన్మలో పుస్తకం జోలికీ పువ్వు జోలికీ పోరు.

ఇంకొక రచయితైతే పిల్లల ఏడుపు దగ్గర ఆగి, మన చేత కన్నీళ్లు పెట్టించేవాడు. హక్స్‌లీ శ్రమంతా ఏడుపుకు ముందు క్షణం మీదే పెట్టాడు. ఎండను తెప్పించాడు, గులాబీలను వెలిగించాడు, ఆ గది అంతటిలోకీ అందమైన క్షణాన్ని అక్కడ నిలబెట్టి అప్పుడు మీట నొక్కించాడు. పోయింది ఏమిటో ముందే చూపించాడు గనక, పోయిందని చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ వెంటనే డైరెక్టరు ఇచ్చే వివరణ ఇంకా గొప్పది. పువ్వులంటే ఎందుకు వెగటు పుట్టించాలి? పువ్వుల్ని చూడడం ఉచితం, ఏ కర్మాగారానికీ పని కల్పించదు. అందుకని ప్రకృతి మీద ప్రేమ తీసేసి, ఊళ్లు దాటి వెళ్లే ప్రయాణం మీద మోజు మాత్రం ఉంచారు. బోలెడు సరంజామా కావాల్సిన ఆటల్ని పల్లెల్లో పెట్టారు. ఇందులో ద్వేషం లేదు, పగ లేదు. బడ్జెటు సమావేశంలో వినబడే మాటలే ఉన్నాయి.

మూడో అధ్యాయం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. పశ్చిమ యూరపు ప్రపంచ నియంత ముస్తఫా మాండ్ విద్యార్థులకు చరిత్ర చెబుతుంటాడు. అదే సమయంలో స్నానాల గదిలో లెనీనా, ఫానీ అనే ఇద్దరు అమ్మాయిలు మగవాళ్ల గురించి మాట్లాడుకుంటుంటారు. మరోచోట లెనీనా గురించి మగవాళ్లు చెప్పుకునే మాటలు విని బెర్నార్డ్ మార్క్స్ అనే ఉద్యోగి లోపల కుతకుతలాడుతుంటాడు. వీటి మధ్య నిద్రలో పిల్లల చెవుల్లో పోసే పాఠాల గొంతు. మొదట ఒక్కో దృశ్యం పేజీ సాగుతుంది, తర్వాత పేరా, తర్వాత నాలుగు వరసలు, చివరికి ఒక్కో వరసే. ఎవరు ఏది మాట్లాడుతున్నారో చెప్పడం మానేస్తాడు. యుద్ధం, క్షామం, కొత్త చొక్కా, పాతది పారేయ్, కొత్తది కొను — అన్నీ ఒకే వేగంతో తగులుతుంటాయి. సినిమా కూర్పరి చేసే పనిని కాగితం మీద చేశాడు. చదివేవాడి చెవిలో కూడా ఆ నిద్రపాఠం ఎక్కేస్తుంది, అదే దాని ఉద్దేశం. ఆ పాఠాలు ప్రాసలతో ఉంటాయి, పిల్లల పాటల్లా నోటికి వచ్చేస్తాయి.

ఈ అధ్యాయం తెలుగువాళ్లకు కొత్తగా వివరించక్కర్లేదు. ఎంట్రన్సు ఫలితాలు వచ్చిన రోజు టీవీ పెట్టి చూడండి. ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు, మూడు మూడు అంటూ ఊపిరి తిప్పుకోకుండా ర్యాంకులు చదివే ఆ గొంతు పదేళ్ల పిల్లవాడికి కూడా కంఠస్థం. ఆ ర్యాంకులు తెచ్చే కాలేజీల్లో మార్కుల్ని బట్టి సెక్షన్లు, సెక్షన్ని బట్టి అయ్యవార్లు, తెల్లవారకముందు లేపే గంట, రాత్రిదాకా స్టడీ అవర్లు. ఆల్ఫా, బీటా అనే పేర్లు ఒక్కటే తక్కువ. అయినా ఇక్కడ ఒక తేడా గమనించాలి. హక్స్‌లీ లోకంలో ఆ యంత్రం పిల్లవాణ్ణి ఏడిపించదు, సంతోషపెట్టి మరీ వాడుకుంటుంది. మనది అంత నేర్పున్న యంత్రం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. నవలలోని నియంత ఆ వార్త చదివితే ఇది పనితెలియనివాళ్ల పని అనేవాడు.

ఫోనును నవలలోని 'సోమా' మత్తు బిళ్లతో పోల్చడం మాత్రం ప్రతివాడూ చేసేశాడు గనక వదిలేస్తున్నాను.

మాండ్ పాత్ర గురించి చెప్పకుండా ఈ నవల పనితనం గురించి చెప్పినట్టు కాదు. ప్రతినాయకుణ్ణి ఆ లోకంలోకెల్లా తెలివైనవాడిగా, ఎక్కువ చదువుకున్నవాడిగా, హాస్యం తెలిసినవాడిగా పెట్టాడు హక్స్‌లీ. నిషేధించిన బైబిలు అతని ఇనప్పెట్టెలో ఉంటుంది. ఒకప్పుడు మంచి భౌతికశాస్త్రవేత్త. అసలైన పరిశోధన చేస్తున్నాడని పట్టుకుని, ద్వీపానికి పోతావా, పాలకుడివి అవుతావా అని అడిగితే పాలన ఎంచుకున్నాడు. పదహారు, పదిహేడు అధ్యాయాల్లో అతనికీ, మూలవాసుల రిజర్వేషన్ ప్రాంతం నుంచి షేక్స్‌పియర్ చదువుకుని వచ్చిన జాన్ అనే కుర్రాడికీ జరిగే వాదనలో గెలిచే మాటలన్నీ అతనివే. అందరినీ ఆల్ఫాలుగానే చేస్తే ఏమవుతుందంటే లెక్కతో జవాబు చెబుతాడు: సైప్రస్ దీవిలో ఇరవై రెండు వేల మంది ఆల్ఫాలను వదిలారు, ఆరేళ్లలోపు అంతర్యుద్ధం వచ్చి పంతొమ్మిది వేల మంది చచ్చారు, మిగిలినవాళ్లు మమ్మల్ని మీరే పాలించండని అర్జీ పెట్టుకున్నారు. జాన్ చేతిలో మిగిలేది ఒక్కటే, నాకు దుఃఖపడే హక్కు కావాలనడం. శత్రువు వాదాన్ని బలహీనంగా రాసి గెలవడం సులువు. హక్స్‌లీ ఆ సులువును వద్దనుకున్నాడు.

ఆ లోకంలో ఎదురుతిరిగినవాళ్లను చంపరు, దీవులకు పంపుతారు. కవి హెల్మ్‌హోల్ట్స్ వాట్సన్ తనకు వాతావరణం బాగాలేని దీవి కావాలని అడిగి ఫాక్‌లాండ్స్ తీసుకుంటాడు, గాలివానలుంటే బాగా రాయొచ్చని! ఈ నవ్వులు నవలలో అడుగడుగునా ఉన్నాయి. ఆర్వెల్ '1984'లో నవ్వు దొరకదు. ఈటన్ బడిలో హక్స్‌లీ కొద్దికాలం ఫ్రెంచి చెబుతుండగా విన్న విద్యార్థే ఆర్వెల్. 1949 అక్టోబరు 21న హక్స్‌లీ శిష్యుడికి ఒక ఉత్తరం రాశాడు. పుస్తకాన్ని మెచ్చుకుంటూనే, లాఠీలు జైళ్లు ఖర్చెక్కువ పద్ధతులనీ, రేపటి పాలకులు పసితనంలోనే మనసు మలిచే దారి పడతారనీ అందులో వాదించాడు. 1975 జూన్ నుంచి 1977 మార్చిదాకా ఎమర్జెన్సీలో ఆర్వెల్ చెప్పిన పద్ధతిని మనం చూశాం. గురువుగారు చెప్పిన పద్ధతిని గుర్తుపట్టడం ఇంకా కష్టం.

ఇక లోపాలు. రిజర్వేషన్‌లోని మూలవాసుల బతుకును హక్స్‌లీ పైపైన చూసి రాశాడు. స్త్రీ పాత్రలు పలచన. లెనీనా బొమ్మగా మొదలై, మధ్యలో మనిషి అవుతుందేమో అనిపించి, మళ్లీ బొమ్మగానే మిగిలిపోతుంది. అసలు లోపాన్ని రచయితే పట్టుకున్నాడు. 1946లో కొత్త ముద్రణకు రాసిన ముందుమాటలో, జాన్‌కు తాను రెండే దారులు ఇచ్చాననీ, ఒకటి యంత్రాల పిచ్చి, ఇంకొకటి పాత ఆచారాల పిచ్చి అనీ, ఇప్పుడు రాస్తే మూడో దారి పెట్టేవాణ్ణనీ అన్నాడు. మనుషులు పిచ్చి లేకుండా కలిసి బతికే చోటు అని దాని అర్థం. తన గొప్ప పుస్తకంలో తలుపు పెట్టడం మరిచానని చెప్పుకున్న రచయితలు ఎంతమంది?

ఆ మూడో దారి ఆలోచన ఆయనలో పెరుగుతున్న కాలానికి దగ్గరి స్నేహితుల్లో ఒకరు మదనపల్లెవాడు.

జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టాడు, ఎనిమిదో సంతానం. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, తల్లి సంజీవమ్మ. పదేళ్లకే తల్లి పోయింది. తండ్రి ఉద్యోగం చాలించుకుని 1909లో అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి చేరాడు. ఆ ఏడే సముద్రపు ఒడ్డున ఈ పిల్లవాణ్ణి ఆ సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ చూసి, రాబోయే జగద్గురువుకు దేహం ఇదేనన్నాడు. అక్కడినుంచి జరిగింది ఏ నవలలోనిదన్నా నమ్మేస్తాం. బడి మాన్పించారు. తిండి, స్నానం, వ్యాయామం, చదువు, నిద్ర గంటల లెక్కన. ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు బట్టలు, ఇంగ్లీషు అయ్యవార్లు. 1911లో ఆ పిల్లవాడి చుట్టూ 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్' అనే సంఘం లేచింది. ఈ పిల్లవాణ్ణీ అతని తమ్ముణ్ణీ నాకిచ్చేయండని తండ్రి 1912లో సమాజం అధ్యక్షురాలు అనీబిసెంటు మీద దావా వేశాడు. 1913లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన చెప్పింది, మరుసటి ఏడు ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. పిల్లలు అప్పటికే ఇంగ్లండులో ఉన్నారు. తెలుగు పిల్లవాడు తెలుగు మరిచిపోయాడు.

సీసా లేదు, కరెంటు లేదు. మిగిలినవన్నీ ఉన్నాయి: ముందే నిర్ణయమైన పదవి, వేలాది మంది ఆరాధన, తండ్రి తొలగింపు, గంటల ప్రకారం మలచడం. అదంతా ప్రేమతో, లోకకళ్యాణం కోసం జరిగింది. హక్స్‌లీ లోకం కూడా అలాగే నడుస్తుంది. అది ఏ పిల్లవాణ్ణీ కీడు చేయాలని తయారు చేయదు.

1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, మూడు వేలమందికి పైగా సభ్యుల ఎదుట, కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దు చేశాడు. కోటనూ వేల ఎకరాలనూ ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేశాడు. సత్యానికి దారి లేదు, గురువు అక్కర్లేదు అన్నాడు. 'బ్రేవ్ న్యూ వరల్డ్' అచ్చవడానికి మూడేళ్ల ముందు సంగతి ఇది. హక్స్‌లీ దీన్ని చూసి నవల రాశాడని చెప్పడం లేదు. ఆయన కృష్ణమూర్తిని కలిసింది 1938లో, కాలిఫోర్నియాలో. జాన్‌కు దొరకని తలుపును ఒక మనిషి తెరుచుకుని బయటికి వచ్చేశాడన్నది మాత్రం అప్పటికి జరిగిపోయిన చరిత్ర. ఆ మనిషితో హక్స్‌లీ స్నేహం చివరిదాకా నిలిచింది. రాయమని ఆయన్ని పోరింది హక్స్‌లీ. 1954లో వచ్చిన 'ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్'కు ముందుమాట హక్స్‌లీదే. 1961లో స్విట్జర్లాండులోని సానెన్‌లో కృష్ణమూర్తి ప్రసంగాలు విని, బుద్ధుడి ఉపదేశం విన్నట్టుందని ఒక ఉత్తరంలో రాశాడు.

ఆ మరుసటి ఏడే, 1962లో, హక్స్‌లీ 'ఐలండ్' వచ్చింది. 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో ద్వీపం శిక్ష, ఆఖరి నవలలో అదే లోకం. విల్ ఫార్నబీ అనే విలేకరి ఒక చమురు వ్యాపారి తరఫున పాలా అనే దీవికి వచ్చి పడతాడు. మైనాలు చెట్ల మీద కూర్చుని 'ఇక్కడ, ఇప్పుడు' గమనించమని అరుస్తుంటాయి. నవలగా ఇది పాతదానికి సాటి రాదు. పాత్రలు ఆగి ఆగి ఉపన్యాసాలు చెబుతాయి. అయినా పనివాడి చెయ్యి ఎక్కడ కనబడుతుందంటే, పాత నవలలోని ఒక్కో మేకునూ పీకి తిరగేసి కొట్టడంలో. అక్కడ 'సోమా' మత్తు, ఇక్కడ 'మోక్ష' మందు కళ్లు తెరిపించడానికి. అక్కడ తల్లి అనే మాట బూతు, ఇక్కడ ప్రతి బిడ్డకూ ఇరవైదాకా ఇళ్లు. సొంత ఇంట్లో కోపం వస్తే పక్కింటి అమ్మ దగ్గరికి పోవచ్చు.

చావుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. జాన్ తల్లి లిండా చచ్చేది అరవై అంతస్తుల ఆసుపత్రిలో. మంచం కాలిదగ్గర టీవీ మోగుతూనే ఉంటుంది, సువాసనలు మారుతుంటాయి. చావంటే భయం లేకుండా అలవాటు చేయడానికి తెచ్చిన డెల్టా పిల్లలు చాక్లెట్ మిఠాయి తింటూ ఆమె ముఖంలోకి వింతగా చూస్తారు. కొడుకు ఏడిస్తే నర్సుకు సిగ్గేస్తుంది, పిల్లల శిక్షణ చెడిపోతుందని. 'ఐలండ్'లో లక్ష్మి క్యాన్సరుతో పోతుంది. భర్తా కోడలూ ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా మాట్లాడుతుంటారు, వెలుతురు వైపు వెళ్లమని, పట్టు వదలమని. హక్స్‌లీ మొదటి భార్య మరియా 1955 ఫిబ్రవరిలో క్యాన్సరుతో పోయినప్పుడు ఆయన మంచం పక్కన కూర్చుని ఇలాగే మాట్లాడాడు. మొదటి దృశ్యం తెలివైనవాడు రాసింది. రెండోది భరించినవాడు రాసింది, అందుకే అందులో ఒక్క చమత్కారమూ లేదు.

పావ్లోవ్ అలవాటు శాస్త్రాన్ని కూడా తిరగేశాడు. పాలాలో తల్లి బిడ్డకు పాలిస్తూ, నిమురుతూ, పక్కనున్న మనిషినో జంతువునో తాకించి, మంచిది అని మెల్లగా అంటుంది. గులాబీల గదిలోని అదే శాస్త్రం, ఈసారి కరెంటుకు బదులు చనుబాలు. ముచ్చటగా ఉంది. నాకు ఇబ్బంది కలిగేదీ ఇక్కడే. మంచికి అలవాటు చేయడమూ అలవాటు చేయడమే. ఓమెన్‌లో నిలబడ్డ మనిషి వద్దన్నది సరిగ్గా దీన్నే. ఆయన్నీ మంచి కోసమే మలిచారు కదా. హక్స్‌లీ శాస్త్రజ్ఞుల ఇంటి బిడ్డ. మనుషుల్ని బాగుచేసే పద్ధతి ఒకటి ఉండితీరాలన్న నమ్మకం ఆయన్ని చివరిదాకా వదల్లేదు. స్నేహితుడి మాట ఆయన విన్నాడు, మెచ్చాడు, పూర్తిగా ఒప్పుకోలేకపోయాడు. ఆ పెనుగులాట పుస్తకంలో కనబడుతుంది. నేను 'ఐలండ్'ను ఇష్టపడేది అందుకే.

కాగితం మీద హక్స్‌లీ చేయలేనిది నేల మీద ఎవరైనా ప్రయత్నించారా అంటే, ఈ చుట్టుపక్కలే కొంత కనబడుతుంది. మదనపల్లె దగ్గరి లోయలో కృష్ణమూర్తి పెట్టిన రిషీవ్యాలీ బడి ర్యాంకులూ బహుమతులూ శిక్షలూ లేకుండా చదువు చెప్పాలని పెట్టుకుంది. సాయంత్రం పిల్లలు కూర్చుని పొద్దు వాలడం చూసే 'అస్తాచల్' అక్కడి అలవాటు. డెల్టా పిల్లలకు ఉచితం గనక కూడదన్నది సరిగ్గా ఇలాంటిదే. డబ్బున్నవాళ్ల పిల్లల బడి అన్న విమర్శ ఉంది, నిజమే. అయితే దాని పక్కనే పుట్టిన ఊరిబడుల పద్ధతిని నేను ఎక్కువ గౌరవిస్తాను. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ, చదువంతా చిన్న చిన్న కార్డులుగా, గోడ మీద ఒక నిచ్చెన. పొలం పనికో జ్వరానికో వారం రాని పిల్ల తిరిగొచ్చి తన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది; ఎవరూ ఫెయిలు కారు, ఎవరినీ సెక్షను మార్చరు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కార్డుల చదువుకు మూలం ఇదే.

కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ ఉంది. 1999లో దాన్ని మొదలుపెట్టిన రామ్‌జీ రాఘవన్ రిషీవ్యాలీ విద్యార్థే. 172 ఎకరాల ఆవరణలోనూ, ఊరూరా తిరిగే సంచార ప్రయోగశాలల్లోనూ ప్రభుత్వ బడుల పిల్లలు వస్తువుల్ని చేత్తో పట్టుకుని, విప్పి, ప్రశ్నలు అడుగుతారు. బొమ్మ అందుకోబోయిన చేతికి షాకు తగిలే ఆ గదిని చదివాక ఇలాంటి చోటు విలువ వేరే చెప్పక్కర్లేదు.

చదవదలచుకున్నవాళ్లకు ఒక వరస చెబుతాను. ముందు 'బ్రేవ్ న్యూ వరల్డ్', 1946 ముందుమాట లేకుండా. మూడో అధ్యాయం పైకి చదవండి, కళ్లకు తెలియనిది చెవికి తెలుస్తుంది. తర్వాత ఆ ముందుమాట. తర్వాత 'ఐలండ్', మధ్యలో ఉపన్యాసాలు విసుగొస్తే పేజీలు దాటేయండి, రచయితకు అన్యాయమేమీ జరగదు. లక్ష్మి పోయే అధ్యాయం మాత్రం వదలొద్దు. పిల్లల్ని ఇంటర్‌లో చేర్పించబోయే తల్లిదండ్రులు ఇవన్నీ చదవలేకపోతే గులాబీల గది ఒక్కటైనా, ఫీజు కట్టకముందు చదవండి.